చూసింది ఎడమ పేజీలో, అనుకున్నది కుడి పేజీలో

నాలుగేళ్ల కింద, జనవరి నెల. రెండో తరగతి పిల్లలతో శరీర భాగాల పాఠం నడుస్తోంది. "తల చూపించండి" అన్నాను. చేతులన్నీ నెత్తుల మీదికి పోయాయి. ఒక్క పిల్లవాడు మాత్రం కిందికి వంగి నేల మీద వేలు పెట్టాడు. గదంతా నవ్వింది. "అది కాదు నాన్నా, ఇది" అని వాడి చెయ్యి పట్టుకుని నెత్తి మీద పెట్టి, నేను "ముక్కు"కి వెళ్లిపోయాను. ఆ పూటంతా వాడు మళ్లీ నోరు విప్పలేదు.

సాయంత్రం నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో రాశాను: "తల అంటే నేల చూపించాడు. అందరూ నవ్వారు. అన్నం బెల్ దాకా మాట్లాడలేదు." కుడి పేజీలో: "శరీర భాగాల పేర్లు ఇంకా రాలేదు. మళ్లీ చెప్పాలి." అక్కడితో ఆపేసేదాన్నే. కానీ ఆ పేజీకి నేను పెట్టుకున్న నియమం ఒకటుంది, మొదట తోచిన కారణం కాక ఇంకో రెండు రాయాలని. రెండు రోజులు ఆ ఖాళీ అలాగే ఉంది. మూడో రోజు నాలుగో తరగతిలో ఉన్న వాడి అక్కను పిలిచి అడిగాను. ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తళ అంటే కింద కదా టీచర్."

వాళ్లది ఒడిశా. ఇటుక బట్టీలో పనికి వచ్చిన కుటుంబం. ఒడియాలో "తళ" అంటే కింద, అడుగు. భూతలం, రసాతలం అన్నప్పుడు మనం వాడేదీ ఆ మాటే. వాడు తెలియక తప్పు చూపించలేదు. నేను అన్నదాన్ని వాడి భాషలో విని, సరిగ్గానే చూపించాడు. వాడి చెయ్యి పట్టుకుని తప్పు అని చెప్పింది నేను.

అప్పటికే ఆ నోట్‌బుక్ రాయడం మొదలుపెట్టి ఏడాది అయింది. అది ఎలా రాయాలో, రాసింది ఎలా చదువుకోవాలో, దాన్నుంచి మనం ఎలా నేర్చుకోవాలో ఇక్కడ చెప్తాను. నాలాంటి గదుల్లో పాఠాలు చెప్పే టీచర్ల కోసం ఇది.

నా గది ఎలాంటిదో ముందు చెప్పాలి. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఒకటి, రెండు, మూడు నావి. నాలుగు, ఐదు సార్‌వి. నా గదిలో 26 మంది. ఊరి పిల్లలు, తండా నుంచి నడిచి వచ్చే లంబాడీ పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఇద్దరు, దసరా దాటాక బట్టీలకు వచ్చి వానలకు ముందే వెళ్లిపోయే ఒడియా పిల్లలు. 2022-23 నుంచి మన బడుల్లో ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. అంటే ఇంట్లో గోర్ బోలి, అంటే లంబాడీ భాష, మాట్లాడే పిల్ల, తెలుగులో విని, ఇంగ్లిష్‌లో లెక్క చదవాలి. ఇలాంటి గదిలో "పాఠం చెప్పాను" అనుకున్నంత మాత్రాన పాఠం ఎవరికి చేరిందో తెలియదు.

నోట్‌బుక్ సంగతి

వంద పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. పాఠ్య ప్రణాళిక, టీచర్ డైరీ మనం ఎలాగూ రాస్తాం. అవి ఏం చెప్పామో రాసేవి. ఇది ఏం జరిగిందో రాసుకునేది. దయచేసి రెంటినీ కలపొద్దు. ఎవరో వచ్చి చూస్తారని తెలిసిన కాగితం మీద మనిషి నిజం రాయలేడు. మొదటి నెల నేను కలిపి రాశాను. అన్ని రోజులూ "పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు" అనే ఉంది.

పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ చూసినదానికి, కుడి పేజీ అనుకున్నదానికి. ఎడమ వైపు ఫోన్ కెమెరాకు కనిపించేదీ, వినిపించేదీ మాత్రమే రాయాలి. చురుకు, మొద్దు, అల్లరి, బద్ధకం, శ్రద్ధ లేదు లాంటి మాటలు అటువైపు రాకూడదు. ఇది వినడానికి తేలిక, రాయబోతే కష్టం. ఒక ఉదాహరణ. ఒక రోజు "లెక్కల మీద శ్రద్ధ లేదు" అని రాసి, కొట్టేసి, మళ్లీ ఇలా రాశాను: "నేను తీసివేతలు చెప్తున్నంతసేపూ కిటికీలోంచి చూస్తోంది. వరండాలో వాళ్ల చెల్లి ఉంది. చెల్లి రెండుసార్లు ఏడ్చింది." అమ్మానాన్నలు బట్టీలో ఉంటే రెండేళ్ల చెల్లిని చంకనేసుకుని బడికి వచ్చింది ఆ ఎనిమిదేళ్ల పిల్ల. శ్రద్ధ లేదన్న మాట అక్కడే పోయింది. మరునాటి నుంచి చెల్లికి గదిలోనే ఒక చాప, ఒక పలక. అక్క కిటికీ వైపు చూడటం మానేసింది.

ఎప్పుడు రాయాలంటే, లాంగ్ బెల్ కొట్టి పిల్లలు గేటు దాటిన వెంటనే, కుర్చీలోంచి లేవకముందే, పది నిమిషాలు. ఇంటికి వెళ్లి రాద్దాం అనుకుంటే రాయలేం. బస్సు దిగేసరికి పొద్దుటి సంగతి సగం పోతుంది, మిగిలిన సగాన్ని మన మనసు తనకు నచ్చినట్టు దిద్దుకుంటుంది. అందరి గురించీ రాయొద్దు. రోజుకు ముగ్గురు. హాజరు పట్టీ వరసలో వెళ్తే నా 26 మంది తొమ్మిది పనిదినాల్లో ఒక చుట్టు వస్తారు. వరసలో లేని పిల్లతో ఏదైనా జరిగితే అది నాలుగో పేరు.

పాఠం మధ్యలో ఏదో గమనిస్తాం, సాయంత్రానికి మర్చిపోతాం. దానికి నేను చేసేది చిన్న పని. బోర్డు కుడి పక్క పైమూలలో ఆ పిల్ల పేరులో మొదటి అక్షరం సుద్దతో వేసిపెడతాను. పిల్లలకు అదేమిటో తెలియదు. డొనాల్డ్ షాన్ అనే అమెరికన్ ఆచార్యుడు 1983లో ఈ రెంటినీ విడదీసి చెప్పాడు, పని చేస్తూ చేస్తూనే చేసే ఆలోచన ఒకటి, పని అయిపోయాక వెనక్కి తిరిగి చూసుకునే ఆలోచన ఒకటి అని. నా మటుకు బోర్డు మూలన ఉన్న ఆ అక్షరం రెంటికీ మధ్య ముడి.

ఇక కుడి పేజీ. ఇక్కడ మూడు ప్రశ్నలకు జవాబు రాస్తాను. నేనేం చేస్తున్నప్పుడు ఇది జరిగింది? నాకు తోచిన కారణం కాక ఇంకో రెండు ఏముండొచ్చు? రేపు ఏ ఒక్కటి మారుస్తాను? మొదటి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. "వాడికి రాలేదు" అని రాస్తే చేయడానికి ఏమీ మిగలదు. "నేను ఇలా అడిగినప్పుడు వాడికి రాలేదు" అని రాస్తే రేపు ఇంకోలా అడగొచ్చు. మూడో ప్రశ్నకు జవాబు ఒక్కటే ఉండాలి, మరునాడే చేయగలిగేదై ఉండాలి. "ఇంకా బాగా ప్రోత్సహించాలి" అని రాస్తే ఏమీ రాయనట్టే. "రేపు వాడిని రెండో వరసలోంచి మొదటి వరసకు మారుస్తాను", ఇది పని.

శనివారం చదువుకోవడం

రాసి ఊరుకుంటే పుస్తకం నిండుతుంది, మనం మాత్రం మారం. శనివారం ఆ వారం పేజీలు చదువుతాను. నెలాఖరున హాజరు పట్టీ పక్కన పెట్టుకుని, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీస్తాను.

వరసగా రాసే పద్ధతి పెట్టుకోక ముందు, మొదటి ఏడాది డిసెంబరులో ఇలా గీతలు గీస్తే ఒక అల్లరి పిల్లవాడి పేరు పందొమ్మిదిసార్లు వచ్చింది. రెండో తరగతిలో ఒక ఆడపిల్ల పేరు ఒక్కసారి కూడా రాలేదు. జూన్ నుంచి డిసెంబరు దాకా. ఊరి పిల్లే, తెలుగే మాట్లాడుతుంది, ఒక్కరోజు బడి మానదు. రాత ముత్యాల్లా ఉంటుంది. అందరికంటే ముందు బోర్డు మీదిది ఎక్కించుకుని పుస్తకం మూసి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మరునాడు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తను నిన్న రాసిన పేజీనే చదవమన్నాను. తల దించుకుంది. మొదటి పదం మీద వేలు పెట్టి ఆగిపోయింది. "అమ్మ" అని చదివి, తర్వాతి మాట "ఆవు" అయితే "ఆకు" అంది. ఆ తర్వాత ఏదీ చదవలేదు. ఆరు నెలలుగా ఆ పిల్ల అక్షరాలను రాయలేదు, బొమ్మల్లా గీసింది. ఆ గీతల అందం చూసి నేను ప్రతి పేజీ కింద "వెరీ గుడ్" పెట్టాను.

రోజుకు ముగ్గురు అన్న నియమం ఆ రోజు పుట్టింది. ఇబ్బంది పెట్టే పిల్లలు మనతో తమ గురించి రాయించుకుంటారు. ఇబ్బంది పెట్టని పిల్లలను మనం వెతుక్కుంటూ వెళ్లి రాయాలి.

చదివేటప్పుడు ఇంకొకటి కూడా చూడండి. ఎక్కడెక్కడ పేరు రాయకుండా గుంపు పేరు రాశారో ఎర్ర పెన్నుతో గీత గీయండి. నా పుస్తకంలో "బట్టీ పిల్లలు" అని పదకొండు చోట్ల ఉంది, "తండా పిల్లలు" ఏడు చోట్ల. "ఊరి పిల్లలు" అని ఒక్క చోట కూడా లేదు. వాళ్లందరికీ పేర్లున్నాయి. ఇది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కులాన్ని, ఊరిని, పేదరికాన్ని చూసి పిల్లలను వేరు చేయనని మనం మనసారా నమ్ముతాం. కానీ రాతలో అది బయటపడుతుంది. అప్పటి నుంచి నాకు ఒకటే పట్టుదల, పేరు తెలియకపోతే ఆ వాక్యం రాయను. ముందు వెళ్లి పేరు అడుగుతాను.

పాట, బాట, మాట

ఈ పుస్తకం నాకు చేసిన మేలుల్లో ఇది అన్నిటికన్నా పెద్దది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మూడో తరగతిలో ఒక తండా పిల్లవాడు. బోర్డు మీద వేసిన లెక్కలు అన్నీ రైట్. డిక్టేషన్‌లో పదికి రెండు, మూడు. కుడి పేజీలో నేను మొదట రాసింది "ఇంట్లో లంబాడీ, అందుకే తెలుగు పదాలు రావు" అని. అదే తండా నుంచి వచ్చే మిగతా నలుగురికి ఏడు, ఎనిమిది వస్తున్నాయి కదా అని తోచడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఒక శనివారం వాడి గురించి రాసినవన్నీ ఒక్కచోట పెట్టి చూశాను. కథ చెప్పినప్పుడు ప్రశ్నలకు జవాబు చెప్పాడు. కథ చెప్పేటప్పుడు నేను కుర్చీలో కూర్చుని వాళ్ల ఎదురుగా ఉంటాను. లెక్కలు రైట్, అవి బోర్డు మీద కంటికి కనిపిస్తాయి. డిక్టేషన్ చెప్పేటప్పుడు నేను వరసల మధ్య నడుస్తాను. వాడి వెనక ఉన్నప్పుడు కూడా చెప్తూనే ఉంటాను. వాడి డిక్టేషన్ నోట్సు తీసి చూశాను. "పాట" అంటే "మాట" అని రాశాడు. "బాట" అంటే "పాట". "పాప"కు "బాబ". తప్పులన్నీ ప, బ, మ చుట్టూనే ఉన్నాయి.

అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కలిసి ఒకేలా విడిపోతాయి. పిల్లవాడు వినడం లేదు, నా పెదవులు చదువుతున్నాడు. పెదవులు కనిపించనప్పుడు పక్కవాడి పలక చూస్తున్నాడు.

ఆ సాయంత్రమే తండాకు వెళ్లాను. వాళ్లమ్మ అంది, "చెవిల చీము కారుతది టీచరమ్మా అప్పుడప్పుడు. తగ్గుతది, మళ్ల కారుతది." మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం టీచర్‌కు చూపించాం. అక్కడి నుంచి చెవి డాక్టర్ దగ్గరికి. మందులతో చీము తగ్గింది. ఎడమ చెవి వినికిడి మాత్రం పూర్తిగా రాలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, వినికిడి లోపం అందులో ఒకటి అని అంతకు ముందు శిక్షణల్లో విన్నాను. విన్నది ఒక పిల్లవాడి రూపంలో నా ముందు కూర్చుంటే మూడు వారాలు గుర్తుపట్టలేకపోయాను.

ఇప్పుడు ఏం చేస్తానో చెప్తాను, మీకూ పనికొస్తుంది. వాడిని ముందు వరసలో, వాడి ఎడమ పక్క గోడ ఉండేలా కూర్చోబెట్టాను. అప్పుడు బాగా వినిపించే కుడి చెవి గది వైపు ఉంటుంది. డిక్టేషన్ ఒకే చోట నిలబడి చెప్తాను. బోర్డు మీద రాస్తూ మాట్లాడను. రాసి, వెనక్కి తిరిగి, అప్పుడు చెప్తాను. ఇది వాడి కోసం మొదలుపెట్టాను, తీరా చూస్తే వెనక వరసలో ముగ్గురికి మార్కులు పెరిగాయి.

ఫోన్ జేబులో పెట్టుకోండి

రెండు నెలలకొకసారి పాఠం చెప్తూ పది నిమిషాలు గొంతు రికార్డ్ చేసుకుంటాను. వీడియో వద్దు, పిల్లలు కెమెరా వైపే చూస్తారు. రాత్రి వింటూ మూడే లెక్కలు రాస్తాను. ఎన్ని ప్రశ్నలు అడిగాను, ఎవరి పేర్లు పిలిచాను, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగాను.

మూడోది అందరినీ కదిలిస్తుంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే ఇది కొలిచింది. టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకను ఆగి, వెంటనే ఇంకొకరిని అడుగుతారు లేదా తామే జవాబు చెప్పేస్తారు. మూడు సెకన్లు ఆగితే ఎక్కువ మంది పిల్లలు జవాబిస్తారు, ఆ జవాబులూ పొడవుగా ఉంటాయి. నా రికార్డింగ్‌లో నేను ఒక్క సెకను కూడా ఆగలేదు. ప్రశ్నను తెలుగులో విని, లంబాడీలోకి మార్చుకుని, జవాబు ఆలోచించి, మళ్లీ తెలుగులోకి తెచ్చుకోవాల్సిన పిల్లకు ఒక్క సెకను ఏం సరిపోతుంది? ఇప్పుడు ప్రశ్న అడిగాక చీర కొంగు అంచు మీద వేలితో నాలుగు లెక్కపెట్టుకుంటాను. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేనట్టే ఉంటుంది. అలవాటు కావడానికి నాకు నెల పట్టింది.

ఇంకో మనిషి కళ్లు

మన వీపు మనకు కనిపించదు. మా సార్‌ను ఒకసారి "నా క్లాసు చూసి తప్పులు చెప్పండి సార్" అని అడిగాను. పావుగంట కూర్చుని, "బాగా చెప్పారు మేడం" అని లేచి వెళ్లారు. తోటి టీచర్ ముఖం మీద తప్పు ఎవరు చెప్తారు? తర్వాత అడిగే తీరు మార్చాను. గది పటం ఒక కాగితం మీద గీసి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో గడులు వేసి ఆయనకిచ్చాను. "నేను ఎవరి దగ్గరికి వెళ్తే ఆ గడిలో ఒక చుక్క పెట్టండి సార్, అంతే" అన్నాను. మెచ్చుకోవాల్సిన పని లేదు, తప్పు పట్టాల్సిన పని లేదు. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే చుక్కలన్నీ తలుపు వైపు వరసల్లో ఉన్నాయి. కిటికీ మూల ఖాళీ. ఆ మూలలోనే ఒడియా పిల్లలు ఐదుగురు.

వాళ్లను అక్కడ ఒకచోట కూర్చోబెట్టింది నేనే. ఒకరికొకరు చెప్పుకుంటారు, ధైర్యంగా ఉంటుంది అనుకున్నాను. అది గదిలో ఒక దీవి అయింది. విడదీస్తే ఒంటరివాళ్లు అవుతారు. ఏం చేయాలా అని రాస్తూ ఉంటే అన్నం దగ్గర చూసిన ఒక సంగతి గుర్తొచ్చింది. ఒడియా పిల్ల "పాణి" అంటే తండా పిల్ల చెంబు అందించింది. లంబాడీలోనూ పాణే. ఉర్దూలో పానీ. నీళ్లు అనేది మేమే. చార్, సాత్, ఆఠ్ అనే అంకెలు కూడా ఈ మూడు భాషల్లో దగ్గర దగ్గరగా ఉంటాయి. లంబాడీ పిల్లలు ఒడియా పిల్లల మాట నాకంటే ముందే సగం పట్టుకున్నారు. ఒక్కో ఒడియా పిల్ల పక్కన ఒక లంబాడీ పిల్లను కూర్చోబెట్టాను. ఇన్నాళ్లూ "తెలుగు సరిగ్గా రాదు" అనిపించుకున్న తండా పిల్లలు ఆ రోజు నుంచి గదిలో దుబాసీలు. వాళ్లలో ఇద్దరు అప్పటి నుంచే పెద్ద గొంతుతో మాట్లాడుతున్నారు.

సార్ గది కూడా నేను చూస్తాను, ఆయన అడిగిన ఒక్క ప్రశ్నతో. ఇచ్చిపుచ్చుకోవడం లేకపోతే ఇది నిలవదు.

పిల్లల దగ్గర నేర్చుకోవడం

గోడ మీద ఒక చార్టు ఉంది. ఎడమ నుంచి తెలుగు, లంబాడీ, ఒడియా, ఉర్దూ, ఇంగ్లిష్. అన్నీ తెలుగు లిపిలోనే. వారానికి ఐదు మాటలు, చెప్పేది పిల్లలు, రాసేది నేను. అమ్మ, యాడి. రొట్టె, బాటి. నేను పలికితే నవ్వుతారు, దిద్దుతారు, మళ్లీ పలికిస్తారు. తెలియని భాషలో అందరి ముందు నోరు తెరవడం ఎలా ఉంటుందో వారానికి ఒకసారి నాకు గుర్తు చేస్తుంది ఆ చార్టు. నలభై మాటలు వస్తే చాలు, గదిలో గాలి మారుతుంది. కూర్చో, రా, చూడు, అర్థమైందా, నొప్పి, ఆకలి, ఒంటికి పోవాలి, ఈ మాటలతో మొదలుపెట్టండి. పండ్ల పేర్లు తర్వాత చూసుకోవచ్చు.

ఏడాదికి ఒకసారైనా పిల్లలు బతికే చోటికి వెళ్లండి. నేను ఒక ఆదివారం బట్టీకి వెళ్లాను. అక్కడ కూలి వెయ్యి ఇటుకల లెక్కన. నా గదిలో ఇరవై పదులు ఎంత అంటే బిక్కమొహం వేసే మూడో తరగతి పిల్ల, ఎండబెట్టిన పచ్చి ఇటుకల దొంతి ముందు నిలబడి వరసకు ఇన్ని, వరసలు ఇన్ని అని వేలు ఆడిస్తూ వాళ్ల నాన్నకు మొత్తం చెప్పేసింది. నేను దగ్గరుండి లెక్కపెట్టాను, ఒక్కటి తేడా లేదు. సోమవారం ఎక్కాల పుస్తకం పక్కన పెట్టి, అగ్గిపెట్టెలతో దొంతి పేర్చి గుణకారం చెప్పాను. చెప్పింది నేను కాదు, ఆ పిల్ల. ఎడమ పేజీలో ఆ రోజు ఇంకేమీ రాయలేదు.

శిక్షణల గురించి కొంచెం. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం టీచర్ ఏడాదికి కనీసం 50 గంటలు నేర్చుకోవాలి. దీక్ష అనే ఆన్‌లైన్ వేదికలో కోర్సులున్నాయి, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. నేను పాటించే పద్ధతి ఒకటే. కోర్సు మొదలుపెట్టే ముందు నోట్‌బుక్ తెరిచి, నాకు జవాబు దొరకని ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుంటాను. ఆ ప్రశ్నతో వింటాను. అయ్యాక, వచ్చే సోమవారం చేయబోయే ఒక్క పని రాస్తాను. కాంప్లెక్స్‌కు వెళ్లేటప్పుడు ఒక పిల్ల నోట్సు తీసుకెళ్తాను, పేరున్న అట్ట తీసేసి. "ఈ పిల్ల ఇలా రాస్తోంది, మీరైతే ఏం చేస్తారు?" అని అడిగితే పక్క బళ్ల టీచర్లు కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు. ప్రతి బడిలో అలాంటి పిల్ల ఒకరు ఉంటారు.

జాగ్రత్తలు రెండే. ఈ పుస్తకం బీరువాలో ఉండాలి, బల్ల మీద కాదు. అందులో పిల్లల ఇళ్ల సంగతులుంటాయి. ఒక్క పేజీ కూడా వాట్సాప్ గ్రూపులోకి వెళ్లకూడదు. రెండోది, రాయలేని రోజులు ఉంటాయి. ఎన్నికల డ్యూటీ, సర్వే, ఇంట్లో జ్వరాలు. ఒకసారి నలభై రోజులు నేను ఒక్క అక్షరం రాయలేదు. పాత రోజులవి గుర్తు తెచ్చుకుని నింపొద్దు, అది కల్పన అవుతుంది. ఆ రోజు తేదీ వేసి, ముగ్గురి పేర్లు రాసి, మళ్లీ మొదలుపెట్టండి.

వెళ్లిపోయే పిల్లల పేజీ

ఏప్రిల్ వచ్చేసరికి బట్టీ కుటుంబాలు మూటలు కట్టడం మొదలుపెడతాయి. టీసీ లేదని ఏ బడీ పిల్లను వెనక్కి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్తోంది. చేర్చుకోవడం సరే, అక్కడి టీచర్‌కు ఈ పిల్ల గురించి ఎవరు చెప్తారు? అందుకని వెళ్లే ప్రతి పిల్లకు నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ తయారు చేస్తాను. రానివి రాయను, అవి ఆ టీచర్‌కు మొదటి రోజే తెలుస్తాయి. వచ్చినవి, ఎలా చెప్తే వచ్చాయో అవి రాస్తాను. తెలుగులో రాస్తే అక్కడ చదవలేరు కాబట్టి సార్ హిందీలో రాసిపెడతారు.

తల అంటే నేల చూపించిన పిల్లవాడి పేజీలో ఉన్నవి ఇవి: వందలోపు కూడికలు చేస్తాడు, కట్టెపుల్లలు చేతికిస్తే తొందరగా చేస్తాడు. ఒక ప్రశ్న అడిగి కొంచెం ఆగితే జవాబు చెప్తాడు. అందరి ముందు నవ్వితే మూగబోతాడు. తెలుగు మాటలు రెండు వందల దాకా నేర్చుకున్నాడు, మీ పిల్లలకు నేర్పమని అడగండి.

వాళ్లమ్మకు చదువు రాదు. ఏముందని అడిగింది. కూతురు పక్కన నిలబడి ఒక్కో వాక్యం ఒడియాలో చెప్పింది. చివరి వాక్యం మళ్లీ చెప్పమంది. రెండోసారి విన్నాక కాగితం నాలుగు మడతలు పెట్టి, ఆధార్ కార్డులున్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, జాకెట్లో దోపుకుంది.